బతికున్న ఎర

రాజోలులో డాక్టర్ దుర్గేష్ గారి పళ్ళ ఆసుపత్రికి పిల్లలు ఏడవకుండా వచ్చే రోజు ఒక్కటే ఉండేది. శనివారం. ఆ సాయంత్రం ఐదింటికి ముందుగదిలోని అద్దాలతొట్టిలో ఉన్న అరవానా చేపకి బతికున్న గోల్డ్‌ఫిష్‌లను వేసేవారు. వేసేది కుసుమ.

కుసుమకి ముప్ఫై ఏళ్ళు. ఆ ఆసుపత్రిలో ఆరేళ్ళుగా పని చేస్తోంది. చీటీలు రాయడం, పనిముట్లు ఉడకబెట్టి పళ్ళేల్లో సర్దడం, డాక్టరుగారు పన్ను తీస్తున్నప్పుడు పక్కన నిలబడి రోగి చెయ్యి పట్టుకోవడం ఆమె పనులు. భర్త మస్కట్‌లో ఏసీ మెకానిక్కు. ఆమె అంతర్వేది దగ్గర పల్లెలో తల్లి పెద్దింట్లమ్మతో ఉంటుంది. తల్లి కూడా రోజూ రాజోలే వస్తుంది, మార్కెట్లో చేపలు అమ్మడానికి. పొద్దున్నే ఇద్దరూ ఒకే ఆటో ఎక్కుతారు. తల్లి తట్ట వెనక, కుసుమ క్యారేజీ ముందు.

రెండేళ్ళ కిందట ఆసుపత్రిని కొత్త మేడలోకి మార్చినప్పుడు స్నేహితుడెవరో డాక్టరుగారికి ఆ చేపను కానుకగా ఇచ్చాడు. అప్పుడది జానెడుంది. ఇప్పుడు రెండడుగులు దాటింది. ఒళ్ళంతా వెండి, గడ్డం కింద రెండు మీసాలు, పైకి తెరుచుకునే నోరు. నీటి పైపొరను అంటిపెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి చప్పుడు లేకుండా తిరుగుతుంది. బతికున్న చేపలు వేస్తేనే దాని ఒంటికి మెరుపు వస్తుందని అమలాపురంలోని రంగుచేపల కొట్టతను చెప్పాడు. వారానికోసారి అతనే గాలి నింపిన కవర్లో గోల్డ్‌ఫిష్‌లను బస్సులో పంపేవాడు.

మొదట్లో అదెవరూ చూసేవారు కాదు. ఒక శనివారం, పన్ను చీము పట్టి రెండు రోజులుగా నిద్రపోని పిల్ల ఒకతి, ఆ వేట చూస్తూ ఏడుపు ఆపేసింది. కుర్చీలో కూర్చోబెడితే, ‘ఇంకోటి మింగేసిందా?’ అని అడుగుతూ తనంతట తానే నోరు తెరిచింది. డాక్టరుగారికి అది ఆశ్చర్యం. అప్పటి నుంచి పిల్లలందరికీ శనివారం సాయంత్రమే రమ్మని చెప్పసాగాడు. ఐదయ్యేసరికి ముందుగది నిండిపోయేది. తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి పట్టుకునేవారు. కుసుమ కవరు మూతి విప్పి ఆరు చేపల్ని నీళ్ళలోకి ఒంపేది.

శివకోడులో కొబ్బరి వ్యాపారం చేసే బుల్లిరాజు గారు కూడా ప్రతి శనివారం వచ్చేవారు. డెబ్బై దాటిన మనిషి. కిందటేడు కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు. పళ్ళు కొంచెం వదులైనట్టున్నాయండీ అనేవారు గానీ, వాటిలో లోపమేమీ ఉండేది కాదు. తొట్టికి ఎదురుకుర్చీ ఆయనది. ఒక్కొక్క చేప మాయమవుతుంటే, ‘రెండు... మూడు...’ అని పైకే లెక్కపెట్టేవారు.

కుసుమకి అందులో ప్రత్యేకంగా ఏమీ అనిపించేది కాదు. ఆమె చేపల ఇంట్లో పుట్టింది. తట్టలో చేపలు ఎగరడం, నోళ్ళు తెరుచుకుని ఉండిపోవడం ఆమె నడక రాకముందే చూసింది.

ఆ శ్రావణంలో పెద్దింట్లమ్మకి దవడపన్ను సలపడం మొదలైంది. లవంగం నొక్కిపెట్టి వారం లాగించింది. శనివారం మార్కెట్ అయ్యాక కుసుమ బలవంతం మీద ఆసుపత్రికి వచ్చి, పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుంది. ఐదయింది. కుసుమ తొట్టి దగ్గరికి వెళ్ళి కవరు ఒంపింది. నీళ్ళు ఒక్కసారి చెదిరాయి. గోల్డ్‌ఫిష్‌లు మూలలకి పరుగెత్తాయి. పిల్లలు లేచి నిలబడ్డారు. బుల్లిరాజు గారు లెక్క మొదలుపెట్టారు. ఆరూ అయిపోయాయని ఆయన అన్నాక కుసుమ వెనక్కి తిరిగి చూస్తే బెంచీ మీద తల్లి లేదు.

బస్టాండు దగ్గర ఆటోలో, దవడ మీద కొంగు నొక్కుకుని కూర్చుని ఉంది పెద్దింట్లమ్మ. పన్ను చూపించుకోకుండా ఎందుకు వచ్చేశావని కుసుమ అడిగింది. మలికిపురం దాటాక తల్లి, పిల్లలందర్నీ కూచోబెట్టి అదేం ఆటే అంది.

కుసుమకి కోపం వచ్చింది. తల్లి ఆ మాట అనడం మరీ వింతగా తోచింది.

“నువ్వు రోజూ కత్తిపీట ముందు చేసేదేంటమ్మా?”

“కోత్తాను. నలభై ఏళ్ళ నుంచీ కోత్తన్నాను. ఎవరో వండుకు తింటారని కోత్తాను. కొట్టుకుంటా ఉంటే చూడండని ఎవర్నీ పిలవలేదు.”

 మానెయ్యమని మాత్రం చెప్పలేదు. 

ఆదివారం ఆసుపత్రి సెలవు. సోమవారం పొద్దున్న కుసుమ తాళం తీసి, అలవాటు ప్రకారం తొట్టి అద్దం తుడుస్తోంది. నీళ్ళు శుద్ధి చేసే గొట్టానికీ అద్దానికీ మధ్య, రెండు వేళ్ళు పట్టేంత సందులో నారింజరంగు ఏదో కనిపించింది. వంగి చూసింది. గోల్డ్‌ఫిష్. ఆరూ అయిపోయాయని బుల్లిరాజు గారు లెక్కపెట్టిన వాటిలో ఒకటి. తోక సగానికి తెగిపోయింది. ఒక కన్ను లేదు. మొప్పలు మాత్రం ఆడుతున్నాయి. అరవానా ఆ వైపు తిరిగి వచ్చినప్పుడల్లా అది గొట్టానికి మరింత అతుక్కుపోతోంది.

శనివారం ఐదింటి నుంచి సోమవారం తొమ్మిదింటి దాకా. కుసుమ ఆ గంటలు లెక్కపెట్టలేదు గానీ, ఆదివారం తానేం చేసిందో వరసగా గుర్తొచ్చింది. గుడికి వెళ్ళింది, బట్టలు ఉతికింది, భర్తతో వీడియోలో మాట్లాడింది, మధ్యాహ్నం పడుకుంది. అంతసేపూ ఇది ఇక్కడే ఉంది.

ఆమె చిన్న వలగరిటెతో దాన్ని బయటికి తీసి, స్టీలు జగ్గులో నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు కలిపి అందులో వదిలింది. జగ్గును పనిముట్ల గదిలో అల్మారా వెనక పెట్టింది. ఆ రోజంతా చీటీకీ చీటీకీ మధ్య వెళ్ళి చూస్తూనే ఉంది. మర్నాడు మధ్యాహ్నానికి అది తేలిపోయింది. ఆసుపత్రి వెనక జామచెట్టు మొదట్లో చిన్న గొయ్యి తీసి పూడ్చింది. రోజుకి పాతిక కేజీల చేప చేతుల మీదుగా వెళ్ళే ఇంటి ఆడది వేలెడు చేపకి గొయ్యి తియ్యడం ఆమెకే సిగ్గనిపించింది. ఎవరికీ చెప్పలేదు.

రెండు రోజులు ఊరుకుని, గురువారం ఆఖరి రోగి వెళ్ళాక డాక్టరుగారికి చెప్పింది. వచ్చే శనివారం నుంచి బతికున్న చేపల్ని వెయ్యలేనండి అంది. దుర్గేష్ మంచివాడు. ముప్ఫై ఐదేళ్ళ వయసు, ఎవరి మీదా గొంతు లేపడు. చేతులు కడుక్కుంటూ అంతా విని నవ్వాడు.

“గోదాట్లో రోజూ జరిగేదే కదా కుసుమా.”

“ఆయ్, జరిగేదేనండి. గోదాట్లో అయితే దానికి నాచుంటుంది, గుంటుంటుంది, తప్పించుకోడానికి చోటుంటుందండి. ఇక్కడ నాలుగేపులా అద్దాలు పెట్టి, అందులో వదిలి, మనం కుర్చీలేసుక్కూచుంటున్నాం.”

పిల్లల భయం పోతోంది కదా, దాని విలువ నీకు తెలియనిదా అన్నాడాయన. తెలుసునండి అంది కుసుమ. నిజంగానే తెలుసు. భయపడే పిల్లల చేతులు పట్టుకునేది ఆమే. నేల చూస్తూ అంది:

“మీరు మత్తు ఇంజక్షను ఇవ్వకుండా ఎవరి పన్నూ తియ్యరండి. నేనొచ్చిన ఆరేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.”

డాక్టరుగారు తువ్వాలుతో చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు.  మర్నాడు వస్తూనే, ఒక నెల ప్రయత్నించి చూద్దామన్నాడు. చచ్చిన చేపో రొయ్యో తినడం దానికి అలవాటు చెయ్యమన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. అది చిక్కిపోతే మళ్ళీ బతికున్నవే వెయ్యాలి. తన దగ్గర పెరిగే ప్రాణి ఆకలితో చచ్చిపోతే ఆ పాపం తనదేనని అన్నాడు.

కుసుమ మొదట మేతగుళికలు వేసింది. అరవానా వాటి కిందుగా వెళ్ళిపోయింది. ఎండురొయ్యలు వేసింది. చేపముక్కలు కోసి వేసింది. అవి కాసేపు తేలి, మునిగి, అడుగున తెల్లగా ఉబ్బేవి. సాయంత్రానికి నీళ్ళు వాసన వచ్చేవి. ఆమె గొట్టంతో మూడోవంతు నీళ్ళు తోడి కొత్తనీళ్ళు పట్టేది. చేప మాత్రం ఎప్పటిలాగే తిరిగేది. ఐదు రోజులయింది. తొమ్మిది రోజులయింది.

మొదటి శనివారం వచ్చిన పిల్లలకి ఈ రోజు నుంచి వేట ఉండదని ఆమే చెప్పింది. ఒక పాప అక్కడే కూర్చుని గోల పెట్టింది. ఆ పాప తండ్రి, ముందే ఫోన్ చేసి చెప్పాల్సిందండి, దీని కోసమే సఖినేటిపల్లి నుంచి తీసుకొచ్చేం అన్నాడు. ఆ సాయంత్రం ముగ్గురు పిల్లలు కుర్చీ ఎక్కలేదు. వాళ్ళలో ఒకరికి పన్ను తియ్యక తప్పదు. గట్టిగా పట్టుకుని తియ్యాల్సి వచ్చింది. ఆ చిన్న చేతిని పట్టుకున్నది కుసుమే.

రెండో శనివారం బుల్లిరాజు గారు తొట్టి ముందు నిలబడి చేపను పరీక్షగా చూశారు. తల వెనక వీపు దగ్గర కండ తగ్గి, చిన్న పల్లంలా కనిపిస్తోంది.

“దీన్ని పస్తులుంచి నువ్వు పుణ్యం మూటగట్టుకుంటావా అమ్మా?” అన్నారు. ఎత్తిపొడిచినట్టు కాదు, నిజంగానే అడిగినట్టు అన్నారు. అందుకే ఆ మాట ఆమెకి గుచ్చుకుంది.

ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. తాను కాపాడుతున్నాననుకుంటున్న చేపలు ఎక్కడో అమలాపురం కొట్టులో ఉన్నాయి. వాటిని ఆమె చూడదు. కొట్టతను వాటిని తొట్టి ఉన్న ఇంకో ఆసామికి పంపుతూనే ఉంటాడు. ఆకలితో ఉన్నది మాత్రం రోజూ తన కళ్ళెదుట తిరుగుతోంది. అదేమీ క్రూరమైనది కాదు. వేరే తిండి ఉందని దానికెవరూ నేర్పలేదు. ఏ నదిలోనో పుట్టాల్సిన జాతిని తెచ్చి అద్దాల మధ్య పెట్టింది మనుషులు. ఒక్క కన్ను పోయిన చేప కోసం, రెండు కళ్ళతో తనని చూస్తున్న చేప కడుపు మాడుస్తున్నానా అనుకుంది. అన్నం తినేటప్పుడు ఆ ఆలోచన వచ్చి ముద్ద సగంలో ఆగిపోయేది.

పదిహేడో రోజున ఆమె ఓడిపోయి అమలాపురం ఫోన్ చేసింది. మర్నాడు పదకొండు గంటల బస్సులో కవరు వచ్చింది. అందులో ఆరు గోల్డ్‌ఫిష్‌లు. మధ్యాహ్నం ఆసుపత్రి మూసే వేళకి డాక్టరుగారు భోజనానికి వెళ్ళాడు. కుసుమ కవరును ఒళ్ళో పెట్టుకుని తొట్టి ముందు స్టూలు మీద కూర్చుంది. అరవానా ఆమె ఎదురుగా వచ్చి ఆగింది. కవరును గుర్తుపట్టినట్టే ఉంది.

అప్పుడే పెద్దింట్లమ్మ వచ్చింది. పన్ను నొప్పి ఆగక, ఇక తీయించేసుకుందామని మార్కెట్ నుంచి తట్టతోనే తిన్నగా వచ్చేసింది. కూతురి ఒళ్ళోని కవరు చూసింది, తొట్టిలో చేపను చూసింది. ఏమేం పెట్టావని అడిగింది. కుసుమ అన్నీ చెప్పింది. 

“చచ్చినదాన్ని చచ్చినట్టే పడేత్తే ఏ చేప తింటదే?” అంది పెద్దింట్లమ్మ.

తట్ట అడుగున ఐసులో మిగిలిన రొయ్యల్లోంచి ఒకటి తీసి, తల విరిచి, పొట్టు ఒలిచింది. మూలనున్న చీపురు నుంచి పొడుగాటి ఈనె ఒకటి లాగి కడిగింది. కుట్లు వేసే దారం ఉందా అని అడిగి తీసుకుని, రొయ్యను ఈనె కొసకి వదులుగా కట్టింది. లాగితే జారిపోయేలా. చిన్నప్పుడు తన తండ్రి పక్కన పడవలో కూర్చుని గాలానికి ఎర కట్టేదట. ఎర చచ్చినదైనా సరే, బతికున్నట్టు నీళ్ళని నమ్మించాలనేవాడట ఆయన. దవడ నొప్పిగా ఉన్నా ఆ సంగతులన్నీ నెమ్మదిగా చెబుతూనే, ఈనెను నీటి పైపొరలో ఉంచింది.

కుసుమ చేతికిచ్చాక మాత్రం ఒకటే మాట చెప్పింది. “ఊపకు. వణికించు.”

అరవానా వచ్చింది. రొయ్య వెనకే తొట్టి పొడుగునా వెళ్ళింది. మీసాలతో తాకింది. నోటితో ఒకసారి నెట్టి చూసి, వదిలేసి వెళ్ళిపోయింది. కుసుమ నిట్టూర్చింది. తల్లి మాత్రం తృప్తిగా తలాడించి, ఇవాళ వెంటపడి చూసింది, అది చాలంది. ఇన్ని రోజుల్లో అది ఆగి చూసిన మొదటి చచ్చిన వస్తువు అదేనని కుసుమకి అప్పుడు తట్టింది.

ఆమె కవరు విప్పి ఆరు గోల్డ్‌ఫిష్‌లనూ బకెట్లోకి వదిలింది. తొట్టిలోకి ఒంపలేదు.

ఆ సాయంత్రం డాక్టరుగారు పెద్దింట్లమ్మకి ఇంజక్షను ఇచ్చి పన్ను తీశాడు. కుసుమ తల్లి చెయ్యి పట్టుకుంది. నొప్పి తెలిసిందా అని ఆయన అడిగితే, లేదు బాబూ, లాగినట్టే తెలీలేదు అందామె, దూది నిండిన నోటితోనే.

తర్వాత రోజుకి రెండుసార్లు, పొద్దున్నా మధ్యాహ్నమూ, కుసుమ ఈనె పట్టుకుని నిలబడింది. తల్లి ప్రతి రోజూ తాజా రొయ్యలు నాలుగు విడిగా తీసి ఇచ్చేది. ఇరవయ్యో రోజున చేప రొయ్యను నోట పట్టి ఉమ్మేసింది. ఇరవై రెండో రోజున తిరిగి చూడనే లేదు. మొత్తానికి అది పోతుందేమోనని డాక్టరుగారు కూడా తొట్టి వైపు చూడడం మానేశాడు. అది చిక్కినా, తన షరతు పక్కన పెట్టి, నెల ప్రయత్నిద్దామన్న మాట మీద మాత్రం నిలబడ్డాడు.

ఇరవై మూడో రోజు పొద్దున్న గదిలో ఎవరూ లేరు. కుసుమ పెద్దగా ఆశ లేకుండానే ఈనె పెట్టింది. నీళ్ళు ఫట్‌మన్నాయి. ముఖం మీద తుంపర పడింది. చేతిలో ఈనె ఖాళీగా ఉంది. ఆమె వెంటనే రెండోది కట్టబోయింది. దారం ముడి పడడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. రెండోదీ తిన్నది. మూడోదీ తిన్నది. కుసుమ నేల మీద చతికిలబడి, తడి చేత్తోనే ముఖం తుడుచుకుంది. డాక్టరుగారు వచ్చేసరికి ఇంకా అలాగే కూర్చుని ఉంది. ఆయన ఖాళీ ఈనెను చూసి అడగకుండానే గ్రహించాడు.

ఆ రోజు ఇంటికి పోతూ ఆటోలో ఆమె తల్లిని ఒక మాట అడిగింది. అన్ని రోజులుగా మనసులో నలుగుతున్నదే.

“రొయ్య కూడా ఒకప్పుడు బతికున్నదే కదమ్మా.”

“బతికున్నదే. వలలో ఎంతసేపు కొట్టుకుందో నేను చూళ్ళేదు. సుళువుగా పోయిందని నీతో అబద్ధం చెప్పను.” పెద్దింట్లమ్మ తట్టని కాలితో దగ్గరికి జరుపుకుంది. “దాన్నీ చూసుంటే ఏమనిపించేదో నాకూ తెలీదు.”

 తాను చేసిన పని ఎంత చిన్నదో కుసుమకి తెలుస్తూనే ఉంది. చిన్నదైనా, సోమవారం పొద్దున్న గొట్టం వెనక చూడడానికి ఇక భయపడనక్కర్లేదు. ఆ మేరకు ఆమెకి నిద్ర పట్టింది.

శనివారాలు మళ్ళీ మొదలయ్యాయి గానీ అవి పాతవిలా లేవు. పిల్లలకి ఒక్కొక్కరికీ ఈనె చేతికిచ్చి, రొయ్యను ఎలా వణికించాలో కుసుమ నేర్పేది. కొంతమందికి అది నచ్చింది. చేప ఎగిరి అందుకున్నప్పుడు కెవ్వుమని నవ్వేవారు. ఇంతేనా అని పెదవి విరిచినవాళ్ళూ ఉన్నారు. ఏడ్చేవాళ్ళు ఏడ్చారు. మునుపటంత సులువుగా నోళ్ళు తెరుచుకోలేదు. డాక్టరుగారు ఒక్కొక్కరితో పది నిమిషాలు ఎక్కువ మాట్లాడాల్సి వచ్చింది. ఇది నీ వల్లేనని ఆయన ఒకటి రెండుసార్లు నవ్వుతూనే అన్నాడు. అందులో కొంత నిజమని కుసుమ ఒప్పుకుంది.

బుల్లిరాజు గారు మూడు వారాలు రాలేదు. నాలుగో వారం వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. పిల్లల వంతులన్నీ అయ్యాక, నేనూ ఒకసారి పట్టి చూడొచ్చా అమ్మా అని అడిగారు. కుసుమ ఈనె అందించింది. పెద్దతనం వల్ల ఆయన చెయ్యి దానంతటదే వణుకుతుంది. టీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటారు. రొయ్య నీళ్ళని తాకిందో లేదో, అరవానా బాణంలా వచ్చి లాక్కుపోయింది. పిల్లలెవరి చేతి నుంచీ అది అంత తొందరగా అందుకోలేదు. పిల్లలంతా ఆయన చుట్టూ మూగి, ఎలా చేసేరు తాతగారూ అని అడిగారు. ఆయన తన చేతిని తానే కాసేపు చూసుకుని, దీనికి ఇన్నాళ్ళకి ఒక పని దొరికిందర్రా అన్నారు.

బకెట్లోకి వదిలిన ఆరు గోల్డ్‌ఫిష్‌లను కుసుమ ఇంటికి తీసుకుపోయింది. అవి మన నీళ్ళవి కావు, కాలవలో వదిలితే ఏ తంటా తెస్తాయోనని పెరట్లో సిమెంటు కుండీలో పెట్టింది. ఒకటి చచ్చిపోయింది. అయిదు మిగిలాయి. కూరకి పనికిరాని చేపల్ని మేపడం ఈ ఇంట్లో ఇదే మొదలని పెద్దింట్లమ్మ సణుగుతూ, మెతుకులు చిదిపి వేస్తుంది.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం కుసుమ మళ్ళీ డాక్టరుగారి ఎదుట నిలబడింది. చేప పెరుగుతోందండి, అటు చివర తిరగడానికి తోక మడుచుకోవాల్సి వస్తోంది అని చెప్పింది. మెల్లిగానే చెప్పింది గానీ వెనక్కి తగ్గేలా లేదు. దుర్గేష్ ఆమె వైపు చూశాడు.

“కూడు సంగతి అయింది. ఇప్పుడు గూడా?”

“ఆయ్, గూడేనండి.”

పెద్ద తొట్టి కొంటానని ఆయన అనలేదు. కొననని కూడా అనలేదు. కుర్చీలోంచి లేచి, సొరుగులోంచి కొలతటేపు తీసి ముందుగదిలోకి నడిచాడు. బెంచీలు ఇటు జరిపితే ఆ గోడ పొడుగునా ఎంత చోటొస్తుందో చూద్దామన్నాడు. టేపు రెండో కొస కుసుమ పట్టుకుంది.